అన్నం తిని బయల్దేరమను

“ఇంకొక్క కంప్లయింటు వచ్చిందంటే నిన్ను ఇక్కడ ఉంచడం నా చేతుల్లో ఉండదమ్మాయ్” అని మా సూపర్‌వైజరమ్మ అన్న రోజు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నాకు కోపం అప్పుడూ ఇప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. కానీ ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదని నాకూ తెలుసు.

డెబ్బైల చివర్లో నంద్యాల టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో, ట్రంకు బోర్డు దగ్గర నేను టెంపరరీ ఆపరేటర్ని. అప్పట్లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఫోన్ కలవాలంటే మధ్యలో మాలాంటివాళ్లం కూర్చొని, వైరు లాగి బోర్డులో గుచ్చి కలపాలి. ఆళ్లగడ్డ, బనగానపల్లె పక్కనుంచి ఎవరు మద్రాసుకు మాట్లాడాలన్నా నా చేతి మీదుగా పోవాల్సిందే. తెలుగు కాల్స్‌తో నాకు పేచీ లేదు. ఇంగ్లీషు గొంతు వినబడిందంటే మాత్రం అరచేతులకు చెమటలు పట్టేవి. ఒక పత్తి మిల్లు మేనేజరు, తెలుగు రానాయన, నన్ను ఏదో అడిగాడు. “హోల్డ్ ద లైన్ ప్లీజ్” అన్నాను. ఆయన ఇంకేదో అడిగాడు. నేను మళ్లీ అదే అన్నాను. ఆయన అరిచాడు. అరిచినా నా దగ్గర వేరే మాట లేదు. చివరికి ఆయన సూపర్‌వైజరమ్మకు ఫోన్ చేసి, మీ బోర్డు దగ్గర చిలకను కూర్చోబెట్టారా అని అడిగాడట.

ఆ ఉద్యోగం పోతే ఏం పోతుందో నాకు బాగా తెలుసు. ఆళ్లగడ్డలో సేద్యం చేసుకునే ఇల్లు మాది. నన్ను నంద్యాలలో పెద్దమ్మ ఇంట్లో ఉంచి పనికి పంపడానికి మా నాయన ఒక్కడే సరేనన్నాడు. మిగతా బంధువులంతా “ఆడపిల్ల చెవికి వైరు తగిలించుకోని ఊళ్లో మొగోళ్లందరితో మాట్లాడుతాదంట” అని పళ్లికిలించినారు. నేను తిరిగిపోతే వాళ్ల మాట నెగ్గినట్టే. మా నాయన వాళ్ల ముందు తల దించుకోవాలి, నేను మళ్లీ గడప దాటకూడదు. ఒక పరాయి భాష నోరు తిరగకపోవడం వల్ల ఇంతపని జరుగుతుందా అని నాకు రాత్రీ పగలూ అదే గుబులు.

ఇంగ్లీషు అసలే రాదని కాదు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్నది కొంత ఉంది. అయితే అది నోట్లోంచి వస్తే అర్జీలాగే వచ్చేది.

మద్రాసు బోర్డు దగ్గర మధ్యాహ్నాలు ఒకామె ఉండేది. ఆమెను నేను ఎన్నడూ చూడలేదు, గొంతు ఒక్కటే తెలుసు. నాకంటే పదేళ్లు పెద్దదై ఉంటుందని ఆ గొంతును బట్టే అనుకున్నాను. ఒకరోజు లైన్లో ఎవరూ లేనప్పుడు “హ్యావ్ యు హ్యాడ్ యువర్ లంచ్?” అంది. మాటలు అర్థమయ్యాయి, ఎందుకడుగుతోందో అర్థం కాలేదు. ఇదేదో పైవాళ్లు పెట్టించిన పరీక్ష అనుకొని, “హోల్డ్ ద లైన్ ప్లీజ్” అన్నాను. అవతల ఒకటే నవ్వు. మర్నాడు మళ్లీ అదే అడిగింది. ఈసారి రాత్రంతా కూర్చుకున్న జవాబు ఒప్పజెప్పాను, భోజనం స్వీకరించితిని అన్నట్టుగా. “నువ్వు అన్నం తిన్నావా, అర్జీ పెట్టుకున్నావా?” అంది, ఇంగ్లీషులోనే. ఆమెకు తెలుగు రాదు, నాకు తమిళం రాదు. మా ఇద్దరికీ మధ్య ఉన్న దారి అదొక్కటే.

అట్లా మొదలైంది. కానీ అది కులాసాగా సాగిన చదువేం కాదు. ఆపరేటర్లు పని మాటలు తప్ప మాట్లాడుకోకూడదు. సూపర్‌వైజరమ్మ టేబుల్ దగ్గర ఒక హెడ్‌సెట్ ఉండేది. అది తగిలించుకొని ఆమె ఏ లైనైనా వినొచ్చు. ఎప్పుడు వింటుందో, ఎప్పుడు వినదో ఎవరికీ తెలియదు. నా కుర్చీ బోర్డు వైపు, నా వీపు ఆమె వైపు. అందుకని ఒక ముక్క అనడం, వెనక కుర్చీ కిర్రుమందేమోనని ఆగడం, మళ్లీ ఇంకో ముక్క అనడం. ఒక కంప్లయింటు ఉన్న మనిషిని, దొంగమాటలు మాట్లాడుతూ దొరికితే ఇంక చెప్పేదేముంది? ఇంగ్లీషు నేర్చుకోకపోతే ఉద్యోగం పోతుంది, నేర్చుకుంటూ దొరికితే అంతకంటే ముందే పోతుంది. ఆ భయంలో చెవినపడ్డ మాట ఒక్కటి కూడా నాకు ఈనాటికీ మరుపు రాలేదు.

ఆమె అడిగేవన్నీ ఇంటి సంగతులే. ఏం తిన్నావంటే జొన్నరొట్టె అన్నాను. అదెట్లా చేస్తారంటే చేతులు ఆడిస్తున్నాను, ఫోన్లో ఆమెకు కనబడుతుందా నా తలకాయ! పిండి తట్టడాన్ని ఏమంటారో ఆమె చెప్పింది. కాలినదాన్ని, మాడినదాన్ని, పొంగినదాన్ని ఏమంటారో చెప్పింది. బనగానపల్లె కాయలు వచ్చే కాలంలో మామిడిపళ్ల మీద పడ్డాం. పచ్చికాయకు మాట ఉంది, పండుకు మాట ఉంది. దోరకాయకు మాత్రం ఎంత వెతికినా ఆమెకు దొరకలేదు. “అబ్బో, మీ ఇంగ్లీషోళ్లకు దోరకాయ తినడం తెలీదు” అన్నాను, ఏదో ఆమె ఇంగ్లండులో పుట్టినట్టు.

నంబరు దొరకనప్పుడు ఆమె “ఐయామ్ అఫ్రైడ్ ద లైన్ ఈజ్ బిజీ” అనేది. నాకు ఒళ్లు మండేది. లైను బిజీ అయితే నీకెందుకమ్మా భయం? మా పక్క లేదంటే లేదు, అంతే. అదే అడిగాను. భయం కాదు, అవతలివాళ్లకు రుచించని మాట చెప్పాల్సి వస్తే ముందు అట్లా అంటారంది. చేదు మందు పోసే ముందు నాలుక మీద కాస్త బెల్లం పెట్టినట్టనుకున్నాను. పనికొస్తుందిలే అని దాచుకున్నాను.

ఆ ఎండాకాలమే రుద్రవరంలో మా అవ్వ పోయింది. కబురు తెచ్చింది మా చిన్నాయన. పెద్దమ్మ ఇంటికొచ్చి, చెప్పులు విడవకుండానే “అవ్వకు నలతగా ఉండాది, చూసొద్దాం పా. ముందు నువ్వు అన్నం తిను” అని నా ఎదురుగా కూర్చున్నాడు. మా పక్క హిందువులైనా, కిరస్తానీలైనా చావుమాట మొహాన చెప్పరు. ముందు తినమంటారు. చావుమాట చెవిన పడ్డాక మట్టి చేసేదాకా మెతుకు దిగదు కదా. రెండో ముద్ద పెట్టుకుంటుండగా నాకు తెలిసిపోయింది. తెలిసి కూడా కంచం ఖాళీ చేశాను, చిన్నాయన కళ్లు దాని మీదే ఉన్నాయి.

తిరిగొచ్చాక, ఇన్నాళ్లు ఏమైపోయావని మద్రాసామె అడిగింది. చెప్పడానికి నాకు కొన్ని మధ్యాహ్నాలు పట్టింది. మాట లేని చోటల్లా ఆమె మాట అందించింది. “అయితే వాళ్లు నిన్ను మోసం చేశారన్నమాట” అంది చివరికి. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. మోసం కాదే తల్లీ అని విడమరచి చెప్పడానికి నా దగ్గర అంత ఇంగ్లీషు లేదు. వెతుక్కొని వెతుక్కొని “దే గేవ్ మి టైమ్” అన్నాను. నేను ఇంగ్లీషులో సొంతంగా అన్న మొదటి మాట అదేననుకుంటాను.

ఇంక ఆ కాల్ సంగతి. ఎండ మండిపోతున్న మధ్యాహ్నం. బోర్డు మీద ఆళ్లగడ్డ లైను మూత టప్పున పడింది, అంటే అక్కడినుంచి ఎవరో పిలుస్తున్నారు. పోస్టాఫీసు నుంచి ఒక పెద్దాయన, ఫోను పట్టుకోవడం కొత్తేమో, అరుస్తున్నాడు. “అమ్మా, మద్రాసులో మా పాప నర్సమ్మగా ఉండాది. ఆయమ్మిని బేగా పిలిపియ్యల్ల” అన్నాడు. అర్జెంటు కాల్. ఆసుపత్రి నంబరు పోస్టాఫీసు మనిషి చెప్పాడు. మద్రాసామె ఆసుపత్రికి కలిపింది. ఎత్తింది అక్కడి నర్సుల పెద్ద, మేట్రన్. ఆమెకు ఇంగ్లీషు తప్ప రాదు. నర్సు వార్డులో డ్యూటీ మీద ఉంది, ఫోన్లకు పిలవరు, ఏదైనా ఉంటే నాకే చెప్పండి అంది.

లైను ఎంత బలహీనంగా ఉందంటే ఆళ్లగడ్డ మాట మద్రాసుకు, మద్రాసు మాట ఆళ్లగడ్డకు వినపడటం లేదు. మధ్యలో ఉన్న నాకు మాత్రం రెండూ వినిపిస్తున్నాయి. అట్లాంటప్పుడు ఆపరేటరు మాటకు మాట అందించొచ్చు. కానీ ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదు. అది మాకు మొదటిరోజే చెప్పిన రూలు. లైను బాగాలేదని కాల్ రద్దు చేసినా నన్ను అడిగేవాళ్లు లేరు.

“వాళ్లమ్మకు ఒంట్లో బాగలేదని చెప్పమ్మా. ఈ రాత్రి బండికే రమ్మను” అన్నాడు పెద్దాయన.

ఆ రాత్రి బండి ఎక్కితే తెల్లారేసరికి కడప, అక్కడినుంచి మైదుకూరు మీదుగా బస్సులో ఆళ్లగడ్డ. అది తప్పితే ఇంకో పూర్తి రోజు ఆగాలి. ఆయన చెప్పింది చెప్పినట్టు మేట్రన్‌కు ఇంగ్లీషులో అందించాను. నా ఇంగ్లీషు ఆమెకు అర్థమైంది. సంతోషపడే తీరిక కూడా లేదు, వెనక కుర్చీ కిర్రుమంది.

జబ్బేమిటని అడిగింది మేట్రన్. నేను పెద్దాయన్ని అడిగాను. “ఊరికే, నలతగా ఉండాది” అన్నాడు. అదే చెప్పాను. మేట్రన్ నిట్టూర్చింది. సగం మంది అమ్మాయిల తల్లులకు ఎప్పుడూ ఏదో ఒకటి బాగుండదు, నర్సులు చాలక నేను చస్తున్నాను, ఆదివారం డ్యూటీ అయ్యాక పంపిస్తానంది. అంత తొందర నిజంగా ఉందా, కనుక్కో అంది.

“ఎంత అర్జంటు అని అడుగుతాండారప్పా” అన్నాను.

పెద్దాయన వెనక ఎవరో “చెప్పు మామా” అంటున్నారు. తర్వాత ఆయన గొంతు తగ్గించాడు. “అన్నం తిని బయల్దేరమను తల్లీ. తినకుండా బండెక్కొద్దని చెప్పు” అన్నాడు.

నా నోరు అప్పటికి మిషనులా పనిచేస్తోంది. చెవిలో పడింది పడినట్టు ఇంగ్లీషు చేసి మేట్రన్‌కు అప్పజెప్పేశాను. ఆఖరి మాట అంటుండగా మా చిన్నాయన కళ్లు గుర్తొచ్చాయి. మేట్రన్ గొంతు మాత్రం తేలికపడింది. “చూశావా, తండ్రే తీరిగ్గా తిని రమ్మంటున్నాడు. అంటే పెద్ద ప్రమాదమేం లేదు. ఆదివారం పంపిస్తాను” అంది.

పాపం, ఆ తండ్రి తన చేతిలో ఉన్న పెద్దమాట వాడేశాడు. మా ఊళ్లో ఎవరికి చెప్పినా కాళ్లకింద నేల కదిలిపోయే మాట. దాన్ని నేను ఇంగ్లీషులోకి మోసుకుపోయి, పనికిరాకుండా చేసి ఆమె చేతిలో పెట్టాను.

“నంద్యాల్” అని నన్ను ఊరిపేరుతో పిలుస్తూ మద్రాసామె లైన్లోకి వచ్చింది, మేట్రన్‌కు వినపడకుండా గొంతు తగ్గించి. “మీ అవ్వకు జరిగినట్టేనా?”

అవునన్నాను.

“అయితే చెప్పెయ్” అంది.

తల తిప్పి చూశాను. సూపర్‌వైజరమ్మ హెడ్‌సెట్ పెట్టుకొనే ఉంది. మొదటినుంచీ వింటోంది. నా మొహంలోకే చూస్తోంది. పెద్దాయన అనని మాట ఆయన నోట్లో పెడితే అది కంప్లయింటుతో పోయేది కాదు, ఆ పూటకే ఇంటికి. అదొక్కటేనా, నేను పొరపాటు పడి ఉంటే? నిజంగా నలతే అయి ఉంటే? బతికున్న మనిషిని చంపినదాన్నవుతాను. పెద్దాయన్ని అడిగి తేల్చుకోవచ్చు. కానీ అడిగితే ఆ మాట ఆయన తన నోటితో అనాలి. నేను అడగలేదు.

“ఐయామ్ అఫ్రైడ్ షి ఈజ్ డెడ్, మేడమ్” అన్నాను.

నిజంగానే భయంగా ఉంది. ఆగితే మళ్లీ అనలేనని గబగబా చెప్పాను. ఆమె చనిపోయింది, తండ్రి ఆ మాట అనలేడు, మా పక్క అనరు, అందుకే తినమన్నాడు, ఈ రాత్రి బండి తప్పితే ఆ అమ్మాయి తల్లి మొహం చూడలేకపోతుంది. ఎక్కడెక్కడ ఏ ముక్క తప్పు పెట్టానో నాకు తెలియదు. అంత పొడుగు మాట నేను ఇంగ్లీషులో అంతకుముందు ఎన్నడూ అనలేదు.

తర్వాత మేట్రన్ “హోల్డ్ ద లైన్ ప్లీజ్” అంది నాతో. అడుగుల చప్పుడు దూరమైంది.

పెద్దాయన ఆళ్లగడ్డ నుంచి “ఏమంటాండారమ్మా, పంపిస్తారంటనా?” అని అడుగుతూనే ఉన్నాడు. ఉండప్పా, ఉండప్పా అంటున్నాను. వెనకనుంచి ఇంకా ఏ పిలుపూ రాలేదు.

చివరికి ఒక అమ్మాయి గొంతు, పరిగెత్తి వచ్చినట్టు ఆయాసపడుతూ. “హలో, నాయనా?” అంది. మీ నాయన మాట నీకు వినపడదు, నేను చెప్తానని చెప్పాను. “ఏందక్కా? మా అమ్మకేమైంది? మేడమ్ లీవు ఇచ్చింది, పో అంటాంది, ఎందుకని అడిగితే మీవాళ్లనే అడుగంటాంది. ఎట్లుండాదక్కా మా అమ్మకు?”

ఒక నిమిషం కింద ఆ మాట నేను అన్నాను. ఎవరో ముక్కూమొహం తెలియని ఆమెకు, నాది కాని భాషలో, మొహమాటం లేకుండా అన్నాను. ఇప్పుడు నా భాషలో, నా ఊరి పిల్ల అడుగుతుంటే నా నాలుక లేవలేదు. నాకు నామీదే కోపం వచ్చింది. అయినా లేవలేదు.

“ఒంట్లో బాగలేదంటమ్మా. ఈ రాత్రి బండికే రమ్మన్నాడు మీ నాయన” అన్నాను. ఆగలేక, అది కూడా అనేశాను. “అన్నం తిని బయల్దేరమన్నాడు.”

ఆ పిల్ల ఏడవలేదు. లైన్లో గరగర తప్ప ఏమీ లేదు. కట్ అయిందేమో అనుకున్నాను. అప్పుడు చాలా చిన్న గొంతుతో అంది. “నేనొచ్చేదాకా పెట్టె మూయొద్దని చెప్పక్కా నాయనకు.” ఫోన్ పెట్టేసింది.

ఉద్యోగం సంగతి ఇక్కడే చెప్పేసి పక్కన పెడతాను. సూపర్‌వైజరమ్మ హెడ్‌సెట్ తీసి టేబుల్ మీద పెట్టింది. నన్ను ఏమీ అనలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకు పర్మనెంటు చేసే ముందు ఇంగ్లీషు మాట్లాడించి చూడాలని పైనుంచి ఆర్డరు వచ్చినప్పుడు, “అక్కర్లేదు, నేను విన్నాను” అంది, అంతే. ఆ బోర్డు తీసేసి నేరుగా నంబరు తిప్పుకునే ఫోన్లు వచ్చేదాకా నేను అక్కడే ఉన్నాను. ఆ అమ్మాయి మర్నాడు పొద్దున ఆళ్లగడ్డలో బస్సు దిగిందని, వాళ్లు కిరస్తానీలు, శవపెట్టె అప్పటిదాకా తెరిచే ఉంచారని పోస్టాఫీసు మనిషి నాకు చెప్పాడు.

కానీ ఆ మధ్యాహ్నం ఆళ్లగడ్డ లైను ఇంకా నా చేతిలోనే ఉంది. పెద్దాయన కాచుకొని ఉన్నాడు.

“చెప్పినావా తల్లీ?”

“చెప్పినానప్పా. ఈ రాత్రి బండికే వస్తాంది.”

“తినమని చెప్పినావా?”

“చెప్పినా.”

“ఏమనె?”

ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదు. “నేనొచ్చేదాకా పెట్టె మూయొద్దని నాయనకు చెప్పమనె” అన్నాను.

వెనక మాట్లాడుతున్నవాళ్లను ఆయన ఉండమన్నాడు. వాళ్లు ఊరుకున్నారు. ఫోను ఇంకా చెవికే ఉంది, ఆయన ఊపిరి నాకు వినిపిస్తోంది.

“అయితే ఇంక తినదులే తల్లీ” అన్నాడు.